గుమాస్తా అడగని ఒక్క మాట

మరకతానికి ఆగడం చేతకాదు. బస్సు నిలబడకముందే దిగుతుంది. ఇడ్లీ చల్లారకముందే నోట్లో వేసుకుని నాలుక కాల్చుకుంటుంది. ఎదుటివాళ్ల మాట సగంలో ఉండగానే జవాబు చెప్పేస్తుంది. చిన్నప్పుడు బళ్లోనూ ఇంతేనట. పంతులమ్మ ప్రశ్న ముగించకముందే చెయ్యెత్తేది. తొమ్మిదిసార్లు జవాబు ఒప్పయ్యేది, పదోసారి అసలు అడిగిన ప్రశ్నే వేరుగా ఉండేది. నలభై ఒక్కేళ్లు వచ్చినా ఆ గుణం పోలేదు. పోతుందని ఎదురుచూసినవాళ్లే అలిసిపోయి ఊరుకున్నారు.

కోయంబత్తూరు గణపతి ప్రాంతంలో ధనపాల్ అనే ఆయనకు స్టెబిలైజర్లు చేసే చిన్న కార్ఖానా ఉంది. పాలిటెక్నిక్ చదువు కాగానే మరకతం అందులో టంకం బల్ల దగ్గర చేరింది. పదిమంది ఆడవాళ్లు వరసగా కూర్చుని పొద్దస్తమానం టంకం పెడుతుంటారు. ఈమె కూర్చోలేకపోయింది. తన వాటా బోర్డులు మధ్యాహ్నానికే ముగించేసి, మిగతా పూటంతా మరమ్మతుల గదిలో దూరి, కాలిపోయినవి విప్పి చూసేది. అలా చూసి చూసి, పాత పుస్తకాలు తిరగేసి తిరగేసి, పదిహేనేళ్లకు సొంతంగా బోర్డు గీసి, దానికి ప్రోగ్రాం కూడా రాసే మనిషయింది. టంకం బల్ల దగ్గర ఆమె కుర్చీ మాత్రం అలాగే ఉంది. దాని పక్కనుంచి వెళ్లాల్సివస్తే ఇంకాస్త వేగంగా నడిచేది.

ఆమె చేసినవాటన్నిటిలోకీ గొప్పది మగ్గం పెట్టె. దుప్పట్లు నేసే మరమగ్గం మీద, పైన అటకలాంటి ఇనుప చట్రం మీద అది కూర్చుంటుంది. ఏ పోగు లేవాలో ఏది కిందే ఉండాలో కొక్కేలకు చెబుతుంది. పూర్వం ఆ పని చిల్లుల అట్టల దండ వేసిన పాత జాకార్డు చేసేది. డిజైను మార్చాలంటే దండంతా మార్చాలి. మరకతం పెట్టెలో అట్టలు లేవు, రెండు చిప్పులున్నాయి. పెద్ద చిప్పు ఏ పనికైనా ఒదుగుతుంది. నువ్వు ఇలా ఉండు అని రాసిస్తే అలా ఉంటుంది, వందల కొక్కేలను ఒక్క ఊపులో ఆడిస్తుంది. కానీ కరెంటు పోయిందంటే తానెవరో కూడా మరిచిపోతుంది. మళ్లీ కరెంటు వచ్చినప్పుడల్లా పక్కనున్న చిన్న మైక్రోప్రాసెసర్, దాని దస్తావేజు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా దాని చెవిలో చదవాలి. సరిగ్గా అందితే పచ్చ దీపం, లేకపోతే ఎర్ర దీపం. కార్ఖానాలో పెద్దదానికి జమీందారు అనీ, చిన్నదానికి గుమాస్తా అనీ పేర్లు పెట్టారు. పొద్దున్నే కార్ఖానాలో అడుగుపెడుతూ ధనపాల్ "జమీందారుగారు లేచారా?" అని అడిగేవాడు. "మీకంటే ముందే లేచారు సార్" అనేది మరకతం.

నిజంగానే ముందే లేచేవాడు. ఉత్తరాది నుంచి వచ్చే పెట్టెలు స్విచ్చు వేశాక నాలుగు సెకన్లు తీసుకుంటాయి. మరకతం పెట్టె చిటికె వేసేలోపు పచ్చ దీపం చూపిస్తుంది. ధనపాల్ చూడవచ్చినవాళ్ల ముందు నిజంగానే చిటికె వేసి చూపించేవాడు. అందులో ఒక కిటుకుంది. జమీందారు లేచి కూర్చున్నాక, "ఊఁ, చదువు" అన్నట్టు ఒక తీగ పైకెత్తుతాడు. గుమాస్తా ఆ తీగను చూసి అప్పుడు మొదలుపెట్టాలని చిప్పుతో వచ్చిన పుస్తకంలో ఉంది. ఎత్తేదాకా చూస్తూ నిలబడటమేమిటని మరకతానికి చిరాకేసింది. ఎంతసేపట్లో లేస్తాడో కొలిచి, అంతవరకు లెక్కపెట్టి చదవడం మొదలుపెట్టమని గుమాస్తాకు రాసింది. బోర్డు మీద తీగ ఉంది, గుమాస్తా దానివైపు చూడడు, అంతే. ప్రోగ్రాంలో ఆ చోట "తర్వాత చూద్దాం" అని ఒక ముక్క రాసి వదిలేసింది. ఆ తర్వాత అనేది మూడేళ్లయినా రాలేదు.

కరెంటు కోతల ఏడు వచ్చింది. పగలనక రాత్రనక రెండు గంటలు ఉంటే రెండు గంటలు ఉండదు. ఆ ఏడే నేతగాళ్ల ఊరు చెన్నిమలైలో అరుక్కాణి అనే ఆవిడ తన నాలుగు మగ్గాల్లో రెండిటికి ధనపాల్ పెట్టెలు ఎక్కించింది. ఊళ్లో ఎవరికీ లేని పెట్టెలు. అరుక్కాణికి యాభై రెండేళ్లు. మొగుడు లారీ తోలుతాడు, నెలకు రెండుసార్లు కనబడతాడు. షెడ్డు ఆవిడదే, మగ్గాలు ఆవిడవే, నేత కూడా ఆవిడదే. ముప్పై ఏళ్ల మగ్గాల మోత చెవులను ముప్పాతిక మింగేసింది. అందుకని ఆవిడ మాట్లాడితే మూడు షెడ్లకు వినబడుతుంది, ఆవిడకు వినబడాలంటే మనమూ అలాగే మాట్లాడాలి.

రెండు నెలలు కాకముందే ఫోను వచ్చింది. కరెంటు వచ్చినప్పుడు ఒక్కోసారి ఏదో ఒక పెట్టె ఎర్ర దీపంతో మొండికేస్తోంది. దీపం పైన చట్రం మీద ఉండటంతో కింద నిలబడితే కనబడదు. తెలియక మగ్గం పిడి లాగితే కొక్కేలన్నీ కట్టగట్టుకుని పైకి లేస్తున్నాయి. పోగులు తెగుతున్నాయి. దుప్పటి అంచులో నడిచే ఏనుగుకు తొండం ఉండటం లేదు. పైకెక్కి పెట్టెకున్న బొత్తాం నొక్కితే మళ్లీ బాగానే లేస్తుంది. అందుకని పక్క షెడ్డు కిట్టుసామి దగ్గర ఇనుప నిచ్చెన అరువు తెచ్చుకుంది అరుక్కాణి.

మరకతం వెళ్లింది. ఆమె వెళ్లేసరికి కరెంటుంది, రెండు పెట్టెలూ పచ్చగా వెలుగుతున్నాయి. స్విచ్చు తీసి వేసి చూసింది, పచ్చే. పదిసార్లు వేసింది, పదిసార్లూ పచ్చే.

"కరెంటు పోయి మళ్లీ వచ్చేదాకా ఉండమ్మణీ. అప్పుడు చూద్దువుగాని దాని వేషాలు" అంది అరుక్కాణి.

"రెండు గంటలా! నాకు బస్సుందక్కా!" అని అరిచింది మరకతం. ఆ తొందరలోనే గోడవైపు చూసింది. కిందటి కోతప్పుడు కూడా నాలుగు మోటార్ల స్విచ్చులూ వేసే ఉంచావా అని అడిగింది. ఉంచానంది అరుక్కాణి. దొరికింది దొంగ అనుకుంది మరకతం. "అదీ సంగతి! స్విచ్చులన్నీ వేసి ఉంచితే కరెంటు వచ్చీరాగానే నాలుగు మోటార్లూ ఒక్కసారి లాగుతాయి. పెట్టె తట్టుకోలేదు. కరెంటు పోగానే స్విచ్చులు కట్టెయ్యాలి!"

"కట్టేస్తే కరెంటొచ్చిందని నాకెట్లా తెలుస్తుంది? బల్బు మొహం చూస్తూ కూర్చోనా? మోటార్లు తిరిగితే నేల అదురుతుంది. గడప మీద కూర్చుని శనక్కాయలు ఒలుచుకుంటున్నా నా పాదాలకు తెలుస్తుంది. ఈ ఊళ్లో అందరూ అట్లాగే ఉంచుతారు."

"అందరూ ఉంచితే ఒప్పయిపోతుందా!" అంది మరకతం. వెళ్లేముందు ఒక కాగితం మీద ఎర్ర సిరాతో, "కరెంటు పోగానే మోటారు స్విచ్చులు కట్టేయవలెను" అని రాసి, రెండు పెట్టెల మీదా గట్టిగా అంటించింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందని అరుక్కాణి గొణిగింది. ఆవిడ గొణుగుడు కనక పక్క షెడ్డులో కిట్టుసామి నవ్వాడు.

గొణిగినా మాట వింది. ఆ రోజు నుంచీ కరెంటు పోగానే నాలుగు స్విచ్చులూ కట్టేసింది. కరెంటు వచ్చినా తెలియక అరగంటలకు అరగంటలు పోగొట్టుకుంది. అయినా ఎర్ర దీపం రావడం మానలేదు. ఫోను చేసి ఆ మాటే చెబితే మరకతం వినలేదు. "ఏదో ఒకటి మరిచిపోయి ఉంటావక్కా" అంది. "నాకు చెవులే సరిగ్గా లేవమ్మణీ, బుర్ర బాగానే ఉంది" అని అరుక్కాణి ఫోను పెట్టేసింది.

బుధవారం పొద్దున మళ్లీ ఫోను. ఈసారి ఆవిడ గొంతులో కోపం కూడా లేదు. నిన్న నిచ్చెన మెట్టు మీద కాలు జారింది, చీలమండ వాచిపోయింది.

"రోజుకు ఆరుసార్లు కరెంటొస్తుంది. ఆరుసార్లూ ఎక్కి దీపాలు చూడటం నావల్ల కాదు. ఆదివారం పాత ఇనుము బండివాడు వస్తాడు. పాత జాకార్డులు రెండూ, అట్టల దండలతో సహా నా వసారాలోనే ఉన్నాయి. వాటిని వాడికిచ్చేస్తానో, నీ పెట్టెలు దింపి వాటినే పైకెక్కిస్తానో ఆదివారం తేలిపోవాలి. ఆదివారం దాకా చూస్తాను. ఆ తర్వాత చూడను."

ధనపాల్ విని కుర్చీలో వెనక్కి వాలాడు. "ఆవిడకు రెండు స్టెబిలైజర్లు అంటగట్టు."

"మన స్టెబిలైజరు సర్దుకునేలోపే అంతా అయిపోతుంది సార్."

"అయితే విను మరకతం. చెన్నిమలై మొత్తం ఆవిడ షెడ్డు వైపే చూస్తోంది. ఆవిడ దింపిందా, ఇక ఎవడూ ఎక్కించడు. అప్పుడు నీ పెట్టెల బల్ల తీసేసి అక్కడ కూడా స్టెబిలైజర్లే వేసుకుంటాను. కోతల ఏడు, వేడి బజ్జీల్లా పోతున్నాయి. నీకొచ్చిన నష్టమేముంది? టంకం బల్ల దగ్గర నీ కుర్చీ ఎక్కడికీ పోలేదు."

ఆయన తిట్టాలని అనలేదు, ధైర్యం చెప్పాననే అనుకున్నాడు. పదిహేనేళ్లు లేచి తిరిగిన మనిషిని మళ్లీ ఆ కుర్చీలో కూర్చోబెడితే తను బతకలేదు. ఆ సంగతి మరకతానికి బాగా తెలుసు.

బుధవారం, గురువారం కాలు కాలిన పిల్లిలా తిరిగింది. బోర్డుకు కరెంటు తీసి వేసింది, తీసి వేసింది. మూడు వందలసార్లు వేసింది. మూడు వందలసార్లూ చిటికెలో పచ్చ దీపం. టంకం పెట్టే ఆడవాళ్లు తలెత్తి చూసి, "ఇవాళ ఏ దెయ్యం పట్టింది దీనికి?" అనుకున్నారు. వాళ్లలో ఒక్కరికీ, మరకతానికి కూడా, తోచని సంగతి ఒకటుంది. అది స్టెబిలైజర్ల కార్ఖానా. ప్రతి బల్లకూ వాళ్లు చేసిన వాటిలోకెల్లా మేలైన స్టెబిలైజరు తగిలించి ఉంటుంది, కోతప్పుడు పెద్ద జనరేటరు తిరుగుతుంది. ఊరంతా వంకర కరెంటు తాగుతుంటే ఆ బోర్డు మూడేళ్లుగా వడగట్టిన కరెంటు తాగుతోంది.

శుక్రవారం పొద్దున ఆరింటికి ఇంట్లో కరెంటు పోయింది. మరకతం అత్తగారు వళ్లియమ్మాళ్ గ్రైండర్లో పిండి సగం రుబ్బి ఉంది. రాయి ఆగిపోయింది. ఆవిడ స్విచ్చు ముట్టుకోకుండా వెళ్లి మెట్ల మీద కూర్చుంది.

"స్విచ్చు కట్టెయ్యండత్తా, మోటారు కాలిపోతుంది" అంది మరకతం.

"కట్టేస్తే కరెంటొచ్చిందని నాకెవరు చెప్తారు? నువ్వు చెప్తావా? నువ్వొక చోట నిలబడితేగా!"

సరిగ్గా అరుక్కాణి మాటే. మరకతం చిరాకుపడుతూ తిరిగింది. ఎనిమిదింటికి పళ్లు తోముకుంటుండగా కరెంటు వచ్చింది. గట్టిపడ్డ పిండిలో ఇరుక్కున్న రాయి కదలలేక గుర్రుమంది. పక్కింట్లో ఇంకో గ్రైండరు గుర్రుమంది. ఎదురింట్లో, వీధి చివర, ప్రతి ఇంట్లో గుర్రు. వంటింటి బల్బు ఎర్రబడి కిందికి వాలింది, వణికింది, కాసేపు అలాగే ఉండి మెల్లగా నిలదొక్కుకుంది. ఆ బల్బు అలా వాలడం ఆమె పుట్టినప్పటి నుంచీ చూస్తోంది. ఇప్పుడు మాత్రం నోట్లో నురగతో అక్కడే నిలబడిపోయింది. ఒక్క అరుక్కాణి స్విచ్చులు కట్టేస్తే ఏం లాభం? చెన్నిమలైలో ఎన్ని షెడ్లు, ఎన్ని మోటార్లు! అందరి పాదాలూ ఆ నేలనే నమ్ముకుని ఉన్నాయి. అరుక్కాణి ఏదీ మరిచిపోలేదు.

నోరు కడుక్కుందో లేదో, బస్సెక్కి కార్ఖానాకు పోయి ఒక పెట్టె చంకన పెట్టుకుని తొమ్మిదిన్నరకు ఇంటికి వచ్చేసింది. లోపల రెండు చిన్న దీపాలు టంకం పెట్టింది. ఒకటి గుమాస్తా చదువుతున్నంతసేపూ వెలిగేది. రెండోది, జమీందారు "ఊఁ" అంటూ ఎత్తే తీగ మీద, మూడేళ్లుగా ఎవరూ చూడని తీగ మీద. పెట్టెను గ్రైండరు పక్కనే తగిలించింది. పదింటికి కరెంటు పోయింది. పన్నెండుకు వస్తుంది. ఆ రెండు గంటలూ అత్తగారు పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ, "ఇంతసేపు నువ్వు ఒకచోట కూర్చోవడం పెళ్లిపీటల మీద కూడా చూళ్లేదు" అంది.

"అప్పుడు పురోహితుడు వదల్లేదత్తా" అంది మరకతం పెట్టె మీంచి చూపు తిప్పకుండా.

పన్నెండు దాటి నాలుగు నిమిషాలకు వీధంతా గుర్రుమంది. బల్బు వాలింది. మొదటి దీపం వెలిగింది. గుమాస్తా చదువుతున్నాడు. చదివాడు, ముగించాడు, దీపం ఆరింది. రెండో దీపం ఇంకా చీకట్లోనే ఉంది. బల్బు నిలదొక్కుకుంది. అప్పుడు వెలిగింది రెండో దీపం, తీరిగ్గా, ఇప్పుడే లేచానన్నట్టు. గుమాస్తా దస్తావేజంతా చదివేసి పుస్తకం మూశాక జమీందారు లేచి కూర్చున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. పెట్టె మీద ఎర్ర దీపం వెలిగింది.

"ఏమైందే?" అంది అత్తగారు, కోడలి మొహం చూసి భయపడి.

"నేనేనత్తా. గుమాస్తా కాదు, కరెంటు కాదు, స్విచ్చులు కాదు. నేనే. లేచావా అని అడగకుండా మొదలుపెట్టేశాను."

"నీకది కొత్తా?" అంది వళ్లియమ్మాళ్, మళ్లీ చిక్కుడుకాయల్లో పడుతూ. మరకతానికి నవ్వు రాలేదు. బుర్ర బాగానే ఉందన్న అరుక్కాణి గొంతు చెవిలోంచి పోవడం లేదు. ఆవిడ చేత ఆ మాట అనిపించింది తను. ఆవిడను నిచ్చెన ఎక్కించింది తను.

ప్రోగ్రాం దిద్దడానికి శనివారం ఒక గంట కూడా పట్టలేదు. గుమాస్తా ముందు తీగ వైపు చూడాలి. ఎత్తేదాకా నోరు విప్పకూడదు. చదువుతుండగా జమీందారు మళ్లీ కూలబడితే, మొదటి అక్షరం నుంచి మళ్లీ చదవాలి. పచ్చ దీపం వచ్చేదాకా ఎన్నిసార్లయినా సరే. అంతే. ఏడు వాక్యాలు.

"బాగుంది" అన్నాడు ధనపాల్. "కానీ తప్పు మనదని ఆవిడతో అనకు. కొత్త రకం ప్రోగ్రాం వచ్చిందని చెప్పు. ఆ కాగితాలు కూడా ఉండనీ. రేపు ఇంకేదైనా వస్తే మనకు అవే సాకు."

మరకతం తల ఊపలేదు, కాదనలేదు. ఆమె జవాబు చెప్పకుండా ఉండటం ధనపాల్ అదే మొదటిసారి చూడటం.

ఆదివారం పదకొండింటికి చెన్నిమలైలో దిగింది. అరుక్కాణి కాలికి పసుపు పట్టు వేసుకుని మగ్గం దగ్గర నిలబడి ఉంది. గోడకానించిన నిచ్చెన వైపు గడ్డంతో చూపించింది. మరకతం ఎక్కి రెండు పెట్టెల్లోనూ కొత్త ప్రోగ్రాం దింపింది. స్విచ్చు తీసి వేస్తే పచ్చ దీపం వచ్చింది.

"ఇది నువ్వెప్పుడూ చూపించేదే" అంది అరుక్కాణి కిందనుంచి.

"అవునక్కా!" అని అరిచింది మరకతం. "ఇవాళ కరెంటు పోయి వచ్చేదాకా ఉంటాను!"

పన్నెండుకు కరెంటు పోయింది. మగ్గాలు ఆగిపోయేసరికి ఊరు ఊరంతటికీ ఒక్కసారిగా చెవుల దిబ్బెళ్లు వీడినట్టయింది. అలవాటు పడ్డ చేత్తో అరుక్కాణి స్విచ్చులు కట్టేయబోయింది. మరకతం వెళ్లి ఆ చెయ్యి పట్టుకుంది. "ఉండనీ. నాలుగూ వేసే ఉంచు."

అరుక్కాణి ఆమె మొహంలోకి చూసింది. గడప మీద కూర్చుని శనక్కాయల చాట ముందుకు లాక్కుంది.

పన్నెండున్నరకు పాత ఇనుము బండి వచ్చి వసారా ముందు ఆగింది. బండివాడు జాకార్డులను కాలితో తట్టి చూశాడు. "ఇవేనా? ఎక్కించమంటావా, ఇంకో ఊరు పోవాలి నేను."

"రెండింటి దాకా ఆగు. కూర్చో."

"రెండింటి దాకానా? పాత ఇనుముకి కూడా ముహూర్తమా అక్కా?"

"ఎక్కేది ఇదో, అదో, అప్పుడు తెలుస్తుంది" అంది అరుక్కాణి. బండివాడికి బోధపడక, బండి నీడలో తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు.

అరుక్కాణి సజ్జ అంబలి, పచ్చి ఉల్లిపాయ పెట్టింది. మరకతం నిలబడే తాగింది. వసారా చివరికి నడిచింది, వెనక్కి వచ్చింది. వాచీ చూసుకుంది, మళ్లీ చూసుకుంది. అట్టల దండ మీద చెయ్యి వేసింది, తీసింది. రెండయ్యేదాకా తను చేయగలిగింది ఒక్కటీ లేదు. అదే ఆమెను తినేస్తోంది. పరుగెత్తి పాలు తాగే మనిషికి నిలబడి నీళ్లు తాగడమంత శిక్ష ఇంకోటి లేదు. ఆఖరికి వచ్చి గడప మీద, అరుక్కాణి పక్కన కూర్చుంది. ధనపాల్ చెప్పిన మాట గుర్తుంది. కొత్త రకం ప్రోగ్రాం. రెండు ముక్కలు, సులువుగా పోతుంది.

"అక్కా, తప్పు నాది" అంది.

అరుక్కాణి శనక్కాయ ఒలుస్తూనే ఉంది. వినబడలేదు.

"తప్పు నాదక్కా."

"ఆఁ? ఏంటీ?" అని చెవి దగ్గరికి చెయ్యి పెట్టింది అరుక్కాణి.

మరకతం లేచి నిలబడింది. ఊరంతా నిశ్శబ్దంగా ఉంది. ఏ షెడ్డులోనూ మగ్గం ఆడటం లేదు, అందరూ తమ తమ గడపల మీద కూర్చుని ఉన్నారు. "తప్పు నాది!" అని గొంతెత్తి అరిచింది. "నీ స్విచ్చులది కాదు! కరెంటుది కాదు! పెట్టెలో మూడేళ్ల కింద నేను రాసింది తప్పు! లేచావా అని చిప్పును అడక్కుండానే చదివించేశాను! నువ్వేమీ మరిచిపోలేదు! మరిచిపోయావన్నది నేను!"

బండివాడు లేచి కూర్చున్నాడు. కిట్టుసామి తన గడప మీంచి తొంగి చూశాడు. వీధి అవతల ఇద్దరు ఆడవాళ్లు మాటలాపేశారు. మరకతానికి పారిపోవాలనిపించింది గాని నిలబడింది.

అరుక్కాణి చేతిలోని శనక్కాయ చాటలో వేసింది. "మూడేళ్ల నుంచీనా?"

"మూడేళ్ల నుంచీ!"

"అడిగితే ఎంతసేపు పడుతుంది?"

"రెండు సెకన్లు! మూడు!"

"ఆ మూడు సెకన్లకు నన్ను రెండు నెలలు నిచ్చెన ఎక్కించావు" అంది అరుక్కాణి. తిట్టి ఉంటే మరకతానికి కాస్త తేలికయ్యేది. కుంటుకుంటూ లోపలికి పోయి ఇంకో గిన్నె అంబలి తెచ్చి ఆమె ముందు పెట్టింది. ఈసారి మరకతం కూర్చుని తాగింది.

రెండవుతుండగా మరకతం నిచ్చెన ఎక్కి, రెండు మగ్గాల మధ్య చట్రం మీద కూర్చుంది. రెండు దీపాలూ అక్కడినుంచే కనబడతాయి. రెండయింది. రెండూ అయిదు. రెండూ పదికి కింద అరుక్కాణి పాదాలు ముందు పసిగట్టాయి. ఆవిడ లేచేసరికి నాలుగు మోటార్లూ, పక్క షెడ్డు మోటార్లూ, ఊరి మోటార్లన్నీ ఒక్కసారి మూలిగాయి. షెడ్డులో బల్బు ఎర్రగా వాలిపోయింది.

రెండు పెట్టెల మీదా ఎర్ర దీపం. ఒకటి. మరకతం సెకన్లు లెక్కపెడుతోంది. చిటికె వేసే సమయం ఎప్పుడో దాటిపోయింది. రెండు. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే బొత్తాం మీదికి పోయింది, వెనక్కి తీసుకుంది. మూడు. ఎడమ పెట్టె పచ్చగా వెలిగింది. కుడి పెట్టె ఇంకా ఎర్రగానే ఉంది. గుమాస్తా మొదటి అక్షరం నుంచి మళ్లీ చదువుతున్నట్టున్నాడు. నాలుగు. అయిదు. పచ్చ.

"లేచింది!" అని అరిచింది. "రెండూ లేచాయి!"

అరుక్కాణి పిడి లాగింది. ఒక మగ్గం, తర్వాత రెండోది. మోత లేచింది. ఆ మోతలో ఆవిడ నింపాదిగా వచ్చి నిచ్చెన తీసి, తీసుకెళ్లి గోడకానించింది.

"అక్కా! నిచ్చెన! నేనింకా పైనే ఉన్నాను!"

వినబడలేదో, వినబడనట్టు ఊరుకుందో దేవుడికే తెలియాలి. నడుము మీద చెయ్యి పెట్టుకుని బట్ట వైపు చూస్తూ నిలబడింది. కింద ఏనుగు మెల్లగా తయారవుతోంది. ముందు పాదాలు, తర్వాత పొట్ట. దిగడానికి దారి లేదు. మరకతం మళ్లీ పిలవలేదు. ఎదురుగా పెట్టె మీద తన చేత్తో ఎర్ర సిరాతో రాసిన కాగితం ఉంది. గోరుతో ఒక మూల లేపింది. గట్టిగా అంటించిన కాగితం, ముక్కలు ముక్కలుగా ఊడివస్తోంది. ముందు "కట్టేయవలెను" ఊడింది. అది అయ్యాక ఒళ్లు సాగదీసి రెండో పెట్టె మీది కాగితం కూడా గీకింది. ముక్కలన్నీ ఒళ్లో వేసుకుంది. తొందరపడలేదు, తొందరపడి చేసేదేమీ లేదు.

మూడు ఏనుగులు నడిచి వెళ్లాయి. మూడింటికీ తొండాలున్నాయి. అరుక్కాణి వంగి బట్టను వేళ్లతో తడిమింది. తలెత్తి పైకి చూసింది, చేత్తో "సరే" అని సైగ చేసింది. అప్పుడు నిచ్చెన తెచ్చి వేసింది. మరకతం దిగింది.

ఇద్దరూ బయటికొచ్చారు. బండివాడు జాకార్డుల మీద చెయ్యి వేసి, ఏది ఎక్కించాలో చెప్పమన్నట్టు చూశాడు. "అవే" అంది అరుక్కాణి. ఇనుమూ అట్టల దండలూ బండిలో పడ్డాయి. తర్వాత ఆవిడ నిచ్చెనకు ఒక కొస పట్టుకుని, రెండో కొస పట్టుకోమని మరకతం వైపు చూసింది. ఇద్దరూ మోసుకెళ్లి కిట్టుసామి గోడకు ఆనించారు.

"అప్పుడే తెచ్చావేం? ఇక అక్కర్లేదా?" అన్నాడు కిట్టుసామి.

"అక్కర్లేదు!" అంది అరుక్కాణి. మగ్గాల మోత మీదుగా ఆ మాట వీధి చివరి దాకా వినబడింది.